టెన్స్ బెల్టు ప్యాడ్లు ఊడొస్తాండాయి, ఒక మూల చురుక్కుమంటాంది

ప్రశ్న (అనంతపురం): అమ్మ మోకాలికి టెన్స్ బెల్టు (చర్మానికి ప్యాడ్లు అంటించి, సన్న కరెంటుతో నొప్పి తగ్గించే మిషన్) కొన్యాం. రెండు వారాలకే ప్యాడ్లు ఊడొస్తాండాయి, ఒక మూల చురుక్కుమంటాంది. మిషన్ పోయినట్టేనా అన్నా?

జవాబు (కర్నూలు): మిషన్ కాదప్పా, ప్యాడే. అంచు లేస్తే కరెంటంతా అంటుకున్న కాస్త చోటునుంచే పోతాది, అందుకే చురుకు. కాలికి కొబ్బరినూనె, పౌడరు ఉంటే ప్యాడు మీది జిగురు జెల్ పట్టదు. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచినాకే అంటించాల. జెల్ ఎండింటే వేలితో ఒక చుక్క నీళ్లు రాయి. వాడినాక దాని ప్లాస్టిక్ షీటుకే అంటించి జిప్ కవర్లో పెట్టు. మన ఎండలకు బయట పెడితే వట్టి అట్టే! ఒక జత 20–30 సార్లు వస్తే గొప్ప.

జవాబు (కడప): మిషన్లో సెట్టింగు ఇట్ల పెట్టు: 80–100 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కరెంటు తట్లు), పల్స్ వెడల్పు (ఒక్కో తట్టు ఉండే సేపు) 100–200 మైక్రోసెకన్లు, ఒకసారికి 20–30 నిమిషాలు. జిలజిల గట్టిగా తెలియాల, నొప్పి పుట్టకూడదు. కండ ఎగిరితే తగ్గించు. ప్యాడ్లు మోకాలి చిప్ప మీద కాదు, దానికి చెరోపక్క, ఒకదానికొకటి తగలకుండా. మిషన్ ఆపినాకే ఊడదీయాల. ఇది నొప్పిని కాసేపు అణచేదే, అరిగిన కీలును బాగుచేయదు.

జవాబు (కర్నూలు): ఒకటి మర్చినా. పేస్‌మేకర్ ఉంటే వద్దే వద్దు. షుగర్‌తో కాళ్లు మొద్దుబారింటే డాక్టర్ను అడక్కుండా పెట్టొద్దు, చర్మం కాలినా తెలీదు.