'వాసల్'ని సామంతుడు అనొచ్చా?

దండుబాట:
అందరికీ నమస్కారం. యూరోపా యూనివర్సాలిస్ 4 అనే రాజ్యాల కంప్యూటర్ ఆట ఆడుతూ తెలుగులో మాట్లాడే వీడియోలు చేస్తుంటాను. ఆట 1444 నవంబరు 11న మొదలవుతుంది. నాది విజయనగరం, గద్దె మీద రెండో దేవరాయలు. పైన బహమనీలు, తూర్పున గజపతులు. కత్తి తీసేదానికంటే రాయబారాలు నడిపేదే ఎక్కువ, నా తెలుగు అక్కడే అయిపోతోంది. నిన్న రికార్డు చేసింది వింటే ఒక వాక్యం ఇలా ఉంది: "వీణ్ణి వాసల్ చేసుకుని, వాళ్లతో రాయల్ మ్యారేజ్ పెట్టుకుని, ట్రూస్ అయిపోగానే వార్ డిక్లేర్ చేద్దాం." నాకే సిగ్గేసింది.

వాసల్ అంటే మనకు లొంగి ఉండే రాజు. దాన్ని 'సామంతుడు' అని మార్చాను. వెంటనే ఒకాయన "సామంతుడంటే పొరుగురాజు, లొంగినవాడు కాదు" అన్నారు. నిజమేనా?

పాతసిరా:
ఆయన చెప్పిందీ నిజమే, మీరు వాడిందీ తప్పు కాదు. 'సమంత' అంటే చుట్టూ, ఎల్లలకు ఆనుకుని ఉన్నది. అర్థశాస్త్రంలో సామంతుడు పొరుగు రాజే. కౌటిల్యుడి మండలంలో, అంటే రాజ్యాల చక్రంలో, మన సరిహద్దుకు ఆనుకుని ఉన్నవాడు శత్రువు, వాడికి అవతలివాడు మిత్రుడు. అంటే ఒకప్పుడు సామంతుడంటే కప్పం తెచ్చేవాడు కాదు, కంటి మీద కునుకు లేకుండా చేసేవాడు! క్రీ.శ. 5, 6 శతాబ్దాల శాసనాలకు వచ్చేసరికి ఓడి లొంగిన పొరుగువాడు అనే అర్థం బలపడింది. పొరుగువాణ్ణి ఓడించి, చంపకుండా, వాడి గద్దె మీద వాణ్ణే ఉంచితే మాట కూడా వాడితోపాటే లొంగిపోయింది మరి.

మన దగ్గర కాకతీయులు కల్యాణి చాళుక్యులకు సామంతులు. 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనాన్ని రుద్రదేవుడు స్వతంత్రుడైనదానికి గుర్తుగా చరిత్రకారులు తీసుకుంటారు. కాకతీయులు 'సామంతులు' అన్నచోట 'పొరుగువారు' అని పెట్టి చదవండి, ఎంత వెలితిగా ఉంటుందో. నిర్భయంగా వాడుకోండి.

దండుబాట:
బతికించారు మాస్టారూ. ఇంకో చిక్కుంది. ఆటలో లొంగుబాటు రెండు రకాలు. వాసల్ సొంతంగా పొత్తులు పెట్టుకోలేడు, యుద్ధం ప్రకటించలేడు, పదేళ్లు దాటాక మంచి సంబంధాలుంటే వాణ్ణి మన రాజ్యంలో కలిపేసుకోవచ్చు కూడా. ట్రిబ్యుటరీ అలా కాదు. ఏటా చెల్లించాల్సింది చెల్లించి తన రాజకీయం తాను చేసుకుంటాడు. చైనా మింగ్ వంశానికి కొరియా అలాంటిదే. రెండింటికీ సామంతుడే అంటే చూసేవాళ్లకు తేడా తెలియట్లేదు.

పాతసిరా:
దానికి అచ్చతెలుగు మాట ఉంది: అరిగాపు. దేశ్యంలో 'అరి' అంటే కప్పం, పన్ను. అరి కట్టేవాడు అరిగాపు. పాత నిఘంటువుల్లో దొరుకుతుంది. మీ వీడియోల్లో బతికితే సంతోషం.

మూడోవరుస:
సంస్కృతంలో 'అరి' అంటే శత్రువు కదండీ! కౌటిల్యుడి అరి కప్పం కడితే తెలుగు అరి చేతికొస్తుందన్నమాట. 😀 కానీ తమ్ముడూ, వీడియోలో 'అరిగాపు' అంటే సగం మంది ఊరి పేరనుకుంటారు. 'కప్పం కట్టేవాడు' అను, చాలు.

పాతసిరా:
ఒక్కసారి వివరించి వాడితే మూడో వీడియోకి అలవాటైపోతుంది. 'ట్రిబ్యుటరీ' పుట్టుకతోనే వచ్చిందా వాళ్లకు?

నీలాటిరేవు:
మీ ఇద్దరి గొడవలో అసలు సులువైనది వదిలేశారు. 'రాయల్ మ్యారేజ్ పెట్టుకోవడం' ఏమిటి నాయనా, ఇడ్లీకి పప్పు నానబెట్టినట్టు? వియ్యమందడం అనలేవూ? కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలని మా నాయనమ్మ ప్రతి సంబంధానికీ అనేది. నీ ఆటలో ఉన్నవి ఆ రెండే కదా. కృష్ణదేవరాయలు గజపతితో చేసిందీ అదే: కయ్యం అయింది, సంధి అయింది, ప్రతాపరుద్రుడు కూతుర్నిచ్చాడు, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేల రాయలు తిరిగిచ్చేశాడు. సామంలో దానం కలిసి, దండం పక్కకు తప్పుకున్న కథ.

దండుబాట:
అక్కా, 'వియ్యం' ఎలా తట్టలేదో నాకు! ఆటలో వియ్యంకుల మీదకు దండెత్తితే రాజ్యస్థిరత్వం కూడా తగ్గుతుంది. మీ నాయనమ్మగారు ఆడి ఉంటే నన్ను ఓడించేవారు.

ఇక ట్రూస్. ఒక వీడియోలో 'కాల్పుల విరమణ' అన్నాను.

మూడోవరుస:
కత్తులూ బల్లేలూ పట్టుకున్నవాళ్లకి కాల్పుల విరమణా? విలుకాళ్లు ఏం కాలుస్తున్నారు, జొన్నపొత్తులా?

పాతసిరా:
పేపర్ల భాష నోటికి అంటుకుంటే అంతే. పైగా ఇక్కడ యుద్ధం మధ్యలో ఆగడం కాదు కదా, ముగిశాక మళ్లీ మీద పడకుండా ఉండాల్సిన కాలం.

దండుబాట:
అవును. సంధిలో ఎంత లాక్కుంటే అంత పొడుగు, 5 నుంచి 15 ఏళ్లు. మధ్యలో మాట తప్పితే స్థిరత్వం ఒక్కసారిగా 5 మెట్లు పడిపోతుంది.

పాతసిరా:
అయితే 'సంధి గడువు'. గడువు తీరడం, గడువుకు ముందే మాట తప్పడం, రెండూ సహజంగా వస్తాయి.

నీలాటిరేవు:
యుద్ధం మాటలు కూడా చెప్పేస్తాను, మళ్లీ అడగకుండా. ముందు వరుసని 'మొన' అను. సేన ముందు భాగానికి పాతమాట, మొనగాడు అక్కడివాడే. కోటని చుట్టుముట్టి ఆకలికి మాడ్చడం ముట్టడి, గోడలెక్కి లోపలికి దూకడం లగ్గపట్టడం. రెండూ కలిపేయకు.

దండుబాట:
ఆటలో అవి రెండు వేరు మీటలే. మరి ఫ్లాంకింగ్? గుర్రాలు మొన దాటి పక్కనుంచి కొడతాయి. 'పార్శ్వదాడి' అంటే పరీక్ష పేపరులా ఉంది.

మూడోవరుస:
డొక్కలో పొడవడం.

పాతసిరా:
ఇందులో మాత్రం మూడోవరుసతో ఏకీభవిస్తాను. పశువుకైనా సేనకైనా పక్కభాగం డొక్కే.

దండుబాట:
ఇదిగో, మళ్లీ రికార్డు చేశాను: "వీణ్ణి సామంతుణ్ణి చేసుకుని, గజపతులతో వియ్యమంది, బహమనీలతో సంధి గడువు తీరగానే దండెత్తుదాం. మొన మీద కాల్బలం నిలబడితే గుర్రాలు డొక్కలో పొడుస్తాయి." అరిగాపు ఈసారికి లేదు మాస్టారూ, కొరియా దాకా వెళ్లినప్పుడు వాడతాను.

నీలాటిరేవు:
'వియ్యమంది' రాతలో బాగుంది, నోటికి 'వియ్యం కలుపుకుని' అను. ఇంతకీ నీకూ బహమనీలకూ తగవు తెచ్చే ఆ రాయచూరు ఎవరి దగ్గరుంది?