గట్టి మంచు మీద స్నోమొబైల్ ఇంజిన్ వేడెక్కుతోంది: ఎక్కడ వెతకాలి?

హోటన్‌వాసి (జనవరి 13)

అందరికీ నమస్కారం. మిషిగన్ అప్పర్ పెనిన్సులాలో ఉంటున్నాను. ఇక్కడికి వచ్చి ఐదు శీతాకాలాలైనా సొంత స్నోమొబైల్, అంటే మంచు మీద తోలే బండి, కొన్నది మొన్న నవంబరులోనే. 2011 మోడల్, 600 సీసీ, టూ స్ట్రోక్, కూలెంట్‌తో చల్లబడే ఇంజిన్. చేతులు మారిన బండి.

శనివారం పొద్దున్నే హోటన్ నుంచి కాపర్ హార్బర్ వెళదామని బయలుదేరాను. నాలుగు రోజులుగా కొత్త మంచు పడలేదు. రాత్రి చదును చేసిన బాట తెల్లారేసరికి సిమెంటు గచ్చులా బిగుసుకుపోయింది. కాల్యుమెట్ చేరకముందే ఎర్ర లైటు వెలిగింది. మీటరు 205 ఫారన్‌హీట్ చూపించింది. మామూలుగా 130 దాటదు. ఆపేసి మూత తీసి చూస్తే ఎక్కడా ఆవిరి లేదు, కారుడు లేదు. సీసాలో కూలెంట్ గీత దగ్గరే ఉంది. ఇరవై నిమిషాలు ఆగి కదిలితే ఆరు మైళ్లకు మళ్లీ అదే. ఆగుతూ ఆగుతూ ఇంటికి చేరేసరికి చీకటి పడింది.

తోటి ఉద్యోగి ఒకాయన కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు పోయిందంటున్నారు. మెకానిక్ రెండు వారాల దాకా కుదరదన్నారు. మొదట ఏది చూడమంటారు?

డులూత్ ప్రసాద్ (జనవరి 13)

తమ్ముడూ, పంపు జోలికి వెళ్లకు. ముందు బాట సంగతి చూడు.

కారుకు ఉన్నట్టు దీనికి ముందు పెద్ద రేడియేటర్ ఉండదు. సీటు కింద ట్రాక్, అంటే బండిని నడిపే రబ్బరు బెల్టు, తిరిగే టన్నెల్ ఉంది కదా, దాని లోపలి కప్పుకు అల్యూమినియం కూలర్లు బిగించి ఉంటాయి. ట్రాక్ తిరుగుతూ మంచును పైకి చిమ్మితే అది కూలర్లకు తగిలి కరుగుతుంది. ఇంజిన్ వేడిని లాగేది ఆ కరగడమే. కిలో మంచు కరగడానికి పట్టే వేడితో కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దాకా కాచవచ్చు. అందుకే బయట ఎంత చలిగా ఉన్నా, కూలర్‌కు మంచు తగలకపోతే ఆ చలిగాలి ఒక్కటీ చాలదు. గట్టిపడిన బాట మీద ట్రాక్‌కు చిమ్మడానికి ఏమీ దొరకదు.

ఇది నేను మిల్ లాక్స్ సరస్సు మీద నేర్చుకున్నాను. గాలికి మంచంతా కొట్టుకుపోయి అద్దంలాంటి ఐసు మిగిలింది. మూడు మైళ్లు వేగంగా పోయాను. లైటు కన్నా ముందు ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. దిగి చూస్తే ట్రాక్ జారే పట్టాల కింది నల్లటి స్లయిడర్లు మైనంలా మెత్తబడి, అంచున పోగులు పోగులుగా లేచి ఉన్నాయి. వాటిని తడిపి చల్లబరిచేది కూడా ఆ మంచే.

దీనికి మందు ఐస్ స్క్రాచర్లు. పట్టాలకు బిగించే స్ప్రింగు తీగలు. కింద ఈడ్చుకుంటూ ఐసును గీకి పొడిని ట్రాక్‌లోకి ఎగరేస్తాయి. బిగించిన రోజే నా మీటరు నలభై డిగ్రీలు దిగింది. బండి వెనక వేలాడే రబ్బరు తెర కూడా చూసుకో. అది చిరిగినా, పైకి మడతపడినా చిమ్మిన మంచు కూలర్ల మీద నిలవకుండా వెనక్కి పోతుంది.

హోటన్‌వాసి (జనవరి 14)

ధన్యవాదాలు అన్నా. తెర బాగానే ఉంది, స్క్రాచర్లు లేవు. రివర్సులో అవి విరుగుతాయంటారు, నిజమేనా? దారి మధ్యలో లైటు వెలిగితే ఏం చేయాలి?

డులూత్ ప్రసాద్ (జనవరి 14)

గట్టి కడ్డీ రకమైతే వంగిపోతాయి. వెనక్కి వెళ్లేముందు పైకెత్తి కొక్కేనికి తగిలించు. మెలితిప్పిన కేబుల్ రకం కొంత ఓర్చుకుంటుంది. లోతైన మెత్తటి మంచులో వాటితో పనే లేదు.

లైటు వెలిగితే ఇంజిన్ ఆపెయ్యి. బాట పక్కన పేరుకున్న మంచును పారతో తీసి టన్నెల్ పైన, ట్రాక్ సందుల్లో కూరు. చల్లారాక బాట అంచునున్న పొడి మంచు మీదుగా నెమ్మదిగా పో. అంచు దాటి పొలంలోకి మాత్రం దిగకు. మీ మిషిగన్‌లో చాలా బాటలు సొంతదారుల అనుమతితో వాళ్ల భూమిలోంచే పోతాయి. ఒకరు గీత దాటితే ఆ సొంతదారు అందరికీ దారి మూసేస్తాడు. ఇది నేను కళ్లారా చూశాను.

విశ్రాంత హవల్దార్, సికింద్రాబాద్ (జనవరి 15)

నేను సైన్యంలో బండ్లు, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. లద్దాఖ్ వైపు స్నో స్కూటర్ల మరమ్మతు చేశాను. ప్రసాద్ గారు చెప్పింది సరైనదే, కానీ అక్కడితో ఆగవద్దు. మెత్తటి మంచులో కూడా వేడెక్కుతోందా అన్నది తేల్చుకోండి. తేలేదాకా స్క్రాచర్ల మీద భారం వేయకండి.

తేల్చే పద్ధతి ఇది. షెడ్డులో బండి వెనక భాగాన్ని స్టాండు మీద ఎత్తండి. వెనక ఎవరినీ నిలబడనివ్వకండి. ఐడిల్‌లో పదిహేను నిమిషాలు నడవనివ్వండి. ఇంజిన్ వేడెక్కి థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను కూలర్లకు వదిలే వాల్వు) తెరుచుకున్నాక ఆపేసి, టన్నెల్ కూలర్లను ముందు నుంచి వెనక దాకా వట్టి చేత్తో తడమండి. అంతటా వెచ్చగా ఉంటే కూలెంట్ తిరుగుతోంది. ఇంజిన్ దగ్గర పైపు కాలుతూ కూలర్ చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండాలి, లేదా లోపల గాలి చిక్కి ఉండాలి, లేదా మీ మిత్రుడన్నట్టు పంపు.

ఇంకొక మాట. కార్బురేటర్ బండి అయితే స్పార్క్ ప్లగ్ తీసి చూడండి. కొస టీ రంగులో ఉంటే మంచిది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అందుతున్నాయి. టూ స్ట్రోక్‌లో పిస్టన్ పట్టేయడానికి అదే దగ్గరి దారి. కొండల మీద పలుచటి గాలికి చిన్న జెట్ (పెట్రోలు వెళ్లే రంధ్రం ఉన్న ముక్క) వేసి నడిపిన బండిని కిందికి దించి అలాగే తోలితే ఇదే జరుగుతుంది. చలి బాగా పెరిగిన రోజున గాలి చిక్కబడినా అంతే.

వాసా లక్ష్మి (జనవరి 16)

మాది విస్కాన్సిన్. మా వారి బండి కూలెంట్ లేని ఫ్యాన్ రకం కాబట్టి మంచు లేకపోయినా ఫరవాలేదనుకున్నాం. డిసెంబరులో మొదటిసారి తీసిన రోజే పొగలు. నేనే ఇంజిన్ మీది రేకు విప్పాను. వేసవంతా షెడ్డులో ఉన్నప్పుడు ఎలుక ఆ రేకు కింద గూడు కట్టింది. సీటు లోపలి స్పాంజి, ఎండుగడ్డి ఇంజిన్ రెక్కల మధ్య దట్టంగా కుక్కి ఉన్నాయి. గాలి వెళ్లే సందే లేదు. ఫ్యాన్ బెల్టు కూడా పగుళ్లిచ్చింది, మార్చాం. ఇప్పుడు వసంతంలో బండి మూసేటప్పుడు గాలి లోపలికి వెళ్లే దారులకు సన్నటి ఇనుప జాలీ కడుతున్నాం. మంచు పడేముందు గుర్తుపెట్టుకుని విప్పుతాం.

హోటన్‌వాసి (జనవరి 22)

హవల్దార్ గారూ, మీకు చేతులెత్తి నమస్కారం.

స్క్రాచర్లు బిగించాను. గురువారం ఎనిమిది అంగుళాల కొత్త మంచు పడింది. అయినా మీటరు 185 దాకా పోయింది. దాంతో బాట ఒక్కటే కారణం కాదని అర్థమైంది. మీరు చెప్పినట్టు స్టాండు మీద పెట్టి తడిమాను. ఇంజిన్ దగ్గరి పైపు చేతికి చురుక్కుమంది. ఎడమ కూలర్ ముందు జానెడు వెచ్చగా ఉంది. అక్కడి నుంచి వెనక్కి ఇనుము ఐసులా ఉంది. కుడివైపు మొత్తం చల్లనే.

పూర్తిగా చల్లారాక మాన్యువల్ ప్రకారం బండి ముందు భాగాన్ని రెండడుగులు ఎత్తి, మూత తీసి, గాలి వదిలే స్క్రూ తిప్పాను. బుస్సుమని గాలి, తర్వాత నురుగు, ఆ తర్వాత కూలెంట్ ధార. పైపులు పిసికినప్పుడల్లా గుడగుడమంటూ ఇంకా బుడగలొచ్చాయి. లీటరుకు పైగా పట్టింది. సీసాలో గీత దగ్గరే ఉందని ఇన్నాళ్లూ నమ్ముకున్నాను.

విశ్రాంత హవల్దార్, సికింద్రాబాద్ (జనవరి 22)

సంతోషం. కానీ ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోండి. ఇంజిన్ నడుస్తుండగా సీసాలో ఆగకుండా బుడగలొస్తే హెడ్ గాస్కెట్ (సిలిండర్‌కు, దాని పై మూతకు మధ్య ఉండే సీలు) పోయినట్టు. రాకపోతే క్లాంపులు, ప్రెషర్ మూత రబ్బరు చూడండి. వేడి మీద మాత్రం మూత తీయవద్దు, ముఖం కాలుతుంది.

కూలెంట్ ఎంత చలి తట్టుకుంటుందో కూడా కొలవండి. మన ఊళ్లలో ట్రాక్టరు మరిగితే రేడియేటర్‌లో చెంబెడు నీళ్లు పోస్తాం. పాత యజమాని అదే చేసి ఉంటే మీ చలికి గడ్డకట్టి కూలర్ పగులుతుంది. చిక్కగా ఉంటే మంచిదని నీళ్లు కలపకుండా పోసినా తప్పే. కూలెంట్‌లోని అసలు రసాయనం ఇథిలీన్ గ్లైకాల్ ఒక్కటే అయితే సుమారు -13 డిగ్రీల సెల్సియస్‌కే గడ్డకడుతుంది. శుద్ధి చేసిన నీటితో సగం సగం కలిపితే -37 దాకా ఆగుతుంది.

ఎడ్మంటన్ రవి (జనవరి 23)

ఒలికిన కూలెంట్ వెంటనే తుడిచెయ్యండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కొంచెమైనా ప్రాణం తీస్తుంది. మా పక్కింటి హస్కీని అలాగే పోగొట్టుకున్నారు.

చలిలో స్టార్ట్ చేయగానే పూర్తి వేగం ఇవ్వకండి. పిస్టన్ వెంటనే వేడెక్కి ఉబ్బుతుంది, సిలిండర్ ఇంకా చల్లగానే ఉంటుంది. రెండూ పట్టేస్తాయి. కూలర్‌కు వెచ్చదనం వచ్చేదాకా నేను కదలను.

హోటన్‌వాసి (జనవరి 29)

బుడగలు రాలేదు, గాస్కెట్ బాగుంది. కొలిస్తే -15 వచ్చింది, అంటే నీళ్లు పోసినట్టే. మొత్తం దించి కొత్తది పోశాను. గాలి దూరిన చోటు కూడా దొరికింది. కుడి కూలర్ వెనక పైపు క్లాంపు వేలితో తిప్పితే తిరిగింది. దాని కింద ఎండిపోయిన పచ్చటి మరక. రెండు రూపాయి బిళ్లలంత ఉంది. నడుస్తున్నప్పుడు అక్కడ కారి మంచులో కలిసిపోయేది, చల్లారేటప్పుడు అక్కడి నుంచే గాలి పీల్చుకునేది. అందుకే నేలమీద మడుగు ఎప్పుడూ కనిపించలేదు.

నిన్న కాపర్ హార్బర్ దాకా వెళ్లి వచ్చాను. మధ్యాహ్నం బాట మళ్లీ గచ్చులా గట్టిపడింది. స్క్రాచర్లు దించాను. అత్యధికం 138.