వాడకం తగ్గితే అనుమానమేనా? కరెంటు మీటరు తనిఖీల మీద చర్చ

ఇంటిలెక్క:
నెలకు 310 యూనిట్ల దాకా వచ్చే మా ఇంటి వాడకం ఆరు నెలల్లో 140కి దిగింది. ఊరికే దిగలేదు. ఏడాది పాటు డబ్బులు కూడబెట్టి ఒక్కో వస్తువూ మార్చుకుంటూ వచ్చాం. పోయిన వారం కరెంటు వాళ్ళు ఇద్దరు వచ్చారు. మీటరు సీలు చూశారు, వైర్లు లాగి చూశారు, వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూశారు. అంతవరకూ నాకు అభ్యంతరం లేదు. కానీ గేటు దగ్గర నిలబడి, "ఇంత ఇంటికి ఇంత తక్కువెలా వస్తుందమ్మా, ఏం చేశారు?" అని గట్టిగా అడిగారు. ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. మా అత్తగారు పాత బిల్లుల ఫైలు పట్టుకుని వరండాలో నిలబడే ఉన్నారు. ఆ ఫైలు చూపించమని ఒక్కరూ అడగలేదు.

ఏం చేశామో ఇక్కడ చెప్తాను. 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టాం. రోజుకు 14 గంటలు తిరుగుతాయి కాబట్టి నెలకు 75 యూనిట్లు అక్కడే మిగిలాయి. పాత ఫ్రిజ్ రోజుకు 2.2 యూనిట్లు తాగేది, కొత్తది 0.9తో సరిపెడుతోంది. అది ఇంకో 39. రెండు కిలోవాట్ల గీజరు గంట వేసేవాళ్ళం, ఇప్పుడు అరగంటే. అది 30. చోక్ ఉన్న ఆరు ట్యూబులైట్ల బదులు ఎల్ఈడీలు పెడితే ఇంకో 27. కూడితే 171. 310లోంచి తీసేస్తే ఎంతో మీరే చూడండి.

నా ప్రశ్న ఒక్కటే. వాడకం తగ్గించుకోమని చెప్పేది వాళ్ళే, తగ్గిస్తే అనుమానించేదీ వాళ్ళే. యూనిట్లు తగ్గాయన్న ఒక్క కారణంతో ఇంటి మీదికి రావడం న్యాయమేనా?

నిజాయితీ బిల్లు:
న్యాయమే అంటాను. మీరు బాధపడ్డారు, అర్థమైంది. కానీ మీటరును దాటేసి కరెంటు వాడుకునే ఇంట్లో కూడా బయటికి కనిపించేది ఇదే, 310 నుంచి 140. కాగితం మీద మీకూ ఆ దొంగకూ తేడా లేదు. వచ్చి చూడకుండా ఎలా తెలుస్తుంది? దొంగ కరెంటు నష్టం చివరికి సక్రమంగా కట్టేవాళ్ళ బిల్లులోకే చేరుతుంది. నేను కట్టేవాళ్ళలో ఒకణ్ణి. నా ఇంటికొచ్చి పదిసార్లు చూసుకోమనండి.

ఇంటిలెక్క:
చూడొద్దని నేను అనలేదండీ. "ఏం చేశారు" అన్న మాట దగ్గరే నా బాధ. చూడ్డానికి ముందే తేల్చేసిన మాట అది.

పాత టెస్టర్:
మీటర్ల టెస్టింగ్ ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. రెండు వైపులా కొన్ని విషయాలు చెప్పాలి. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు, మీ పేరు లిస్టులోకి ఎలా వెళ్ళిందో చూద్దాం. రీడింగ్ ఎక్కాక ఈ నెల యూనిట్లను పాత నెలల సగటుతో పోల్చి, బాగా తేడా ఉన్న ఇళ్ళను విడిగా తీస్తారు. పెరిగినవీ వస్తాయి, తగ్గినవీ వస్తాయి. అక్కడ ఎవరూ మిమ్మల్ని దొంగ అనుకోలేదు, అది అంకెల తేడా అంతే. ఆ లిస్టు చేతికొచ్చిన మనిషి దాన్ని దొంగల జాబితాలా చదువుకుంటాడు. తప్పు అక్కడ మొదలవుతుంది.

రీడింగ్ తగ్గడానికి దారులు నాలుగు. నిజంగా వాడకం తగ్గడం, మీటరు మందగించడం, వైరింగులో లోపం, దొంగతనం. దొంగతనం ఆ నాలుగింటిలో ఒకటి మాత్రమే.

మీటరు మందగించడం చాలామంది నమ్మరు. "మీటరు పరిగెడుతోంది" అనే ఫిర్యాదే ఎప్పుడూ వినేది. చక్రం తిరిగే పాత మీటర్లలో బేరింగు అరిగి, దుమ్ము పట్టి, రాపిడి పెరిగితే చక్రం నెమ్మదిస్తుంది. తక్కువ లోడు మీద అసలు కదలకపోవచ్చు కూడా. త్రీ ఫేజ్ మీటర్లలో ఇంకోటి చూశాను. ఒక ఫేజు టెర్మినల్ (మీటరుకు వైరు బిగించే చోటు) స్క్రూ వదులై, వేడెక్కి నల్లబడి, మీటరుకు ఆ ఫేజు వోల్టేజి అందడం మానేస్తుంది. ఇంట్లోకి కరెంటు మాత్రం వస్తూనే ఉంటుంది. మూడు ఫేజుల మీదా లోడు సమానంగా ఉంటే రీడింగు మూడో వంతు తగ్గిపోతుంది. ఇంటివాళ్ళకి ఆ సంగతే తెలీదు. ఆ నల్లబడ్డ టెర్మినల్‌ని తనిఖీకి వచ్చినవాడు చూడకపోతే ఒక రోజు అక్కడే నిప్పు అంటుకుంటుంది. తనిఖీ అక్కర్లేదని నేననను, కారణం ఇదే.

ఎలక్ట్రానిక్ మీటర్లూ తప్పుతాయి. 2017లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం వాళ్ళు తొమ్మిది మీటర్లను, వెలుగు తగ్గించే డిమ్మర్లు పెట్టిన ఎల్ఈడీ, సీఎఫ్ఎల్ లైట్లతో పరీక్షించారు. అయిదు మీటర్లు చాలా ఎక్కువ చూపించాయి, అందులో ఒకటి 582 శాతం దాకా వెళ్ళింది. ఎక్కువ చూపినవాటి గురించే లోకమంతా మాట్లాడింది. కానీ రెండు మీటర్లు 30 శాతం దాకా తక్కువ కూడా చూపించాయి. తక్కువ చూపించే మీటరు ఉన్న ఇంటివాడు ఏ పాపమూ చేయలేదు కదా.

రెండు పోర్షన్లు:
టెస్టర్ గారూ, వైరింగు లోపం అన్నారు కాబట్టి మా ఇంటి సంగతి చెప్తాను. కింద మేము, పైన అద్దెకున్నవాళ్ళు, రెండు మీటర్లు. మా మీటరు మీద ఎర్త్ అని రాసున్న చిన్న ఎర్ర లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉండేది, మేము పట్టించుకోలేదు. తనిఖీకి వచ్చినాయన ఆ లైటు చూడగానే మొహం మారిపోయింది. కరెంటు తిరిగెళ్ళే న్యూట్రల్ వైరు తీసేసి, దాని బదులు ఎర్త్ మీద నడుపుతూ మీటరును మోసం చేస్తున్నామన్నాడు. మా నాన్నగారికి బీపీ పెరిగి ఆ రోజంతా పడుకున్నారు.

తర్వాత తేలింది ఏమిటంటే, పైన గది కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ రెండు పోర్షన్ల న్యూట్రల్ వైర్లూ ఒకే చోట కలిపేశాడు. ఒక మీటరులోంచి వెళ్ళిన కరెంటు ఇంకో మీటరులోంచి తిరిగొస్తోంది. రెండు న్యూట్రల్స్ విడదీయగానే లైటు ఆరిపోయింది. పని పావుగంట. టెన్షన్ మాత్రం నెల రోజులు.

పాత టెస్టర్:
అదే. మీటరు ఫేజులో వెళ్ళిన కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటునూ పోల్చుకుంటుంది. రెండూ సరిపోకపోతే ఆ లైటు వేస్తుంది. ఆ లైటు చెప్పేది "తేడా ఉంది" అనే మాట ఒక్కటే. ఎవరు చేశారో, ఎందుకు చేశారో దానికి తెలీదు. రెండు మీటర్లున్న ఇళ్ళలో కలిసిపోయిన న్యూట్రల్స్ నేను చాలా చూశాను.

తాళం ఇల్లు:
మాది ఇంకో రకం. మూడు నెలలు ఊళ్ళో లేము. రౌటరూ ఒక చిన్న నైట్ ల్యాంపూ తప్ప ఏమీ వేసి లేవు. రీడింగ్ సున్నా వచ్చింది. మీటరు ఆపేశారా అని ఫోన్.

పాత టెస్టర్:
సున్నా రావచ్చండీ, అందులో వింతేమీ లేదు. ఏ మీటరుకైనా లెక్క మొదలుపెట్టే కనీస కరెంటు ఒకటుంటుంది. ఇళ్ళకు వేసే క్లాస్ 1 (కచ్చితత్వం తరగతి) ఎలక్ట్రానిక్ మీటరుకు అది బేసిక్ కరెంటులో, అంటే మీటరు మీద రాసుండే ఆంపియర్లలో, 0.4 శాతం. 10 ఆంపియర్ల మీటరైతే 40 మిల్లీ ఆంపియర్లు, అంటే 230 వోల్టుల దగ్గర సుమారు 9 వాట్లు. మీ రౌటరూ ల్యాంపూ కలిసి అంతకన్నా తక్కువైతే దాన్ని లెక్కించి తీరాలన్న నిబంధన మీటరుకు లేదు.

నిజాయితీ బిల్లు:
ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఈ మినహాయింపులన్నీ దొంగ కూడా చెప్తాడు. "మా న్యూట్రల్ కలిసిపోయింది సార్" అంటాడు. అందుకే నాకు స్మార్ట్ మీటర్ల మీద నమ్మకం. పావుగంటకో అరగంటకో రీడింగ్ వెళ్తుంది. ఇంటిలెక్క గారి గీజరు గంట నుంచి అరగంటకు తగ్గిందని ఆ గ్రాఫే చెప్తుంది. ఇంటికి మనిషి రానక్కర్లేదు, గేటు దగ్గర అరుపులూ ఉండవు.

ఇంటిలెక్క:
నా గీజరు ఎప్పుడు వేశానో, ఇంట్లో ఎప్పుడు ఎవరూ లేరో కూడా ఆ గ్రాఫు చెప్తుంది కదండీ. 2009లో నెదర్లాండ్స్ ఎగువ సభ స్మార్ట్ మీటర్లను తప్పనిసరి చేసే బిల్లును ఒప్పుకోకపోవడానికి ఇళ్ళలోని ఈ గోప్యత భయమే పెద్ద కారణం. నా నిజాయితీని నిరూపించుకోవడానికి నా దినచర్య మొత్తం అప్పజెప్పాలా? అదీ నేను అడక్కుండానే?

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇంకోటుంది. రేపు మీటరు మందగించిందని తేలిందనుకోండి. పాత నెలల సగటు పట్టి వెనకటి బిల్లు వేస్తామంటారు. మా పాత సగటు 310. ఏడాది కష్టపడి తగ్గించుకున్న 171 యూనిట్లూ ఒక్క కాగితంతో మళ్ళీ నా నెత్తిన పడతాయి. వాడని కరెంటుకు డబ్బు కట్టాలి. పొదుపు చేసినవాళ్ళకి పాత సగటు ఏ రకంగానూ కొలత కాదు.

పాత టెస్టర్:
ఈ మాట వంద శాతం నిజం. కొత్త మీటరు పెట్టాక వచ్చే రెండు మూడు నెలల సగటు తీసుకోవాలి. నా సర్వీసులో దీని మీదే ఎక్కువ వాదించాను.

ఇంటిలెక్క గారూ, ఒక చిన్న పరీక్ష చెప్తాను, మీరే చేసుకోవచ్చు. ఇంట్లో అన్నీ ఆపేసి 1000 వాట్ల వాటర్ హీటర్ రాడ్డు బకెట్ నీళ్ళలో పెట్టి వేయండి. ఇస్త్రీపెట్టె వద్దు, మధ్యలో దానంతటదే ఆగుతుంది. మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటు పక్కన యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసుంటుంది. 3200 అని ఉంటే 100 మిణుకులకు 112 సెకన్ల పైన పట్టాలి. ఫోనులో వీడియో తీసి లెక్కపెట్టుకోండి. రాడ్డు వేసుండగా నీళ్ళలోనూ బకెట్‌లోనూ చెయ్యి పెట్టకండి.

ఇంటిలెక్క:
నిన్న రాత్రి చేశాం. మాది 3200 మీటరే. మా ఆయన ఫోను పట్టుకున్నారు, పాప లెక్కపెట్టింది. 118 సెకన్లు. అంటే మీటరు నెమ్మదిగా ఉన్నట్టా? ఇప్పుడు నాకే భయం వేస్తోంది.

పాత టెస్టర్:
కంగారు పడకండి. వోల్టేజి ఎంతుంది? మీటరు డిస్‌ప్లేలో అంకెలు మారుతుంటాయి, అందులో అదీ కనిపిస్తుంది.

ఇంటిలెక్క:
225.

పాత టెస్టర్:
అయితే సరిపోయింది. రాడ్డు మీద రాసిన 1000 వాట్లు 230 వోల్టుల దగ్గర మాట. 225 దగ్గర అది తీసుకునేది 957 వాట్లే. ఆ లెక్కన 100 మిణుకులకు 117.6 సెకన్లు రావాలి. మీకు 118 వచ్చింది. రాడ్డులోనే అయిదు పది శాతం తేడా ఉండొచ్చు కాబట్టి దీన్ని సర్టిఫికెట్ అనుకోకండి. కానీ సగానికి సగం తగ్గించే మీటరైతే ఈ పరీక్షలో దొరికిపోయేది.

రెండు పోర్షన్లు:
మేడమ్, వచ్చినవాళ్ళు ఏమైనా రాసిచ్చారా? మాకు ఇవ్వలేదు. లోపం సరిచేశాక కూడా "కేసు ఏమీ లేదు" అన్న కాగితం కోసం నెల తిరిగాం.

ఇంటిలెక్క:
ఏమీ ఇవ్వలేదండీ. సీలు బాగానే ఉందని వాళ్ళలో వాళ్ళు అనుకుంటుంటే విన్నాను, అంతే. నిన్న అర్జీ రాశాను. తనిఖీ చేసిన తేదీ, చూసిన అంశాలు, తేలిన ఫలితం రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాను. ఫ్రిజ్, ఫ్యాన్ల బిల్లుల కాపీలు జతచేశాను. అవి అత్తగారి ఫైల్లోవే.

నిజాయితీ బిల్లు:
కాగితం ఇవ్వకుండా వెళ్ళడం తప్పే, దాన్ని నేను సమర్థించను. మీ ఇంటి విషయంలో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తనిఖీల విషయంలో మాత్రం మార్చుకోను. లిస్టులో పేరొస్తే వచ్చి చూడాల్సిందే.

ఇంటిలెక్క:
రమ్మనండి. ముందు చూసి, ఆ తర్వాత అడగమనండి.