తీర్థంలో నాటకానికి టికెట్టా? మా కమిటీ రెండు వర్గాలైపోయింది

లంకలో_కొబ్బరిచెట్టు:
అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో వైనతేయ పాయ పక్కనున్న ఊరు. పేరు చెప్తే కమిటీవాళ్ళు గుర్తుపట్టేస్తారు, వద్దులెండి. ఏటా మాఘంలో అమ్మవారి తీర్థానికి, అదే జాతరకి, మూడు రాత్రులు ప్రోగ్రాములు పెడతాం. ఒకరోజు హరికథ, ఒకరోజు ఆడపిల్లల కూచిపూడి, ఆఖరి రోజు పద్యనాటకం. ఇన్నాళ్ళూ చందాలతోనే నడిచింది. కానీ రొయ్య రేటు పడిన ఏడాది మా చందా పుస్తకం కూడా పడుకుంటుంది. పోయిన తీర్థానికి నాటక సమాజానికి ఒప్పుకున్న డబ్బులో పన్నెండు వేలు బాకీ పడ్డాం. దీపావళి వెళ్ళాక తీర్చాం. క్యాషియర్ని నేనే, ఫోన్లు వచ్చింది నాకే.

ఈసారి కుర్రాళ్ళు 50 రూపాయల టికెట్ పెడదామంటున్నారు. పెద్దాళ్ళు "అమ్మవారి ముందు టికెట్ ఏంట్రా" అని కుర్చీల్లోంచి లేచారు. మీ ఊళ్ళలో ఎలా చేస్తున్నారో చెప్పండి. తిట్టుకోకుండా చెప్తే ఇంకా మంచిది.

పాతబడి_మాస్టారు:
టికెట్ వద్దు బాబూ. తీర్థానికి ఎవరూ నాటకం కోసమని బయల్దేరరు. జీళ్ళు కొనుక్కోడానికి వస్తారు. పిల్లాడు రంగులరాట్నం ఎక్కుతానని ఏడిస్తే వస్తారు. అలా తిరుగుతుంటే ఎక్కడో రాయబారం పద్యం చెవిన పడుతుంది. కాసేపు నిలబడతారు. కాళ్ళు లాగితే అక్కడే చతికిలబడతారు. నాకు పద్యం పట్టుబడింది అలాగే, బళ్ళో కాదు. మా అమ్మ ఒళ్ళో పడుకుని సగం నిద్రలో విన్నవే ఇవాళ్టికీ నోటికి వస్తాయి. మీరు తడిక కట్టారా, ముందు పోయేది ఆ నిలబడేవాడే.

కనుమ నాడు జగ్గన్నతోట చూసే ఉంటారు. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల (వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి) మీద ఆ తోటకి చేరతారు. గంగలకుర్రు అగ్రహారం ప్రభని కౌశిక కాలవలోకి దింపి పీకల్లోతు నీళ్ళలో భుజాల మీద దాటిస్తుంటే గట్టు మీదవాళ్ళకి ఊపిరాడదు. ఎవరిని అడిగి టికెట్ పెడతారు దానికి? 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఆ ప్రభల తీర్థమే. పైసా తీసుకోని పండగ అంత దూరం వెళ్ళింది.

గచ్చిబౌలి_గోదారోడు:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. ఇక్కడ హైదరాబాద్‌లో గంటన్నర కామెడీ షోకి 800 పెట్టి వెళ్తున్నాం. అదే మనిషి సంక్రాంతికి ఊరొచ్చి ఐదు గంటల నాటకం ఉచితంగా చూసి, మధ్యలో ఫోన్ మాట్లాడుకుని, "సౌండ్ బాలేదు" అని కామెంట్ చేసి వెళ్ళిపోతాడు. (ఆ మనిషిని నేనే, ఒప్పుకుంటున్నా.) ఫ్రీ అంటే లోకువ. 1885లో మొదలైన సురభి నాటకాలవాళ్ళు టికెట్ మీదే కదా బతికింది? వాళ్ళకి పనికొచ్చింది మనకి ఎందుకు పనికిరాదు?

పాతబడి_మాస్టారు:
సురభిది వేరే లెక్క తమ్ముడూ. వనారస గోవిందరావు గారి కుటుంబం ఒక్కటే సమాజమై, పిల్లలు పుట్టి మరిన్ని సమాజాలైంది. పాకా వాళ్ళదే, పరదాలూ వాళ్ళవే, కృష్ణుడు తండ్రి, సత్యభామ తల్లి, టికెట్ చింపేది పెదనాన్న. ఊళ్ళో నెలల తరబడి దిగిపోయేవారు. మీ కమిటీకి ఏడాదికి ఒక్క రాత్రే పని. ఆ ఒక్క రాత్రికి పాక ఎవరు వేస్తారు? అయినా అంత టికెట్ పెట్టి కూడా సినిమా వచ్చాక వాళ్ళు పడ్డ కష్టాలు నీకు తెలియనివి కాదు.

హార్మోనియం_పెట్టె:
ఆ పన్నెండు వేల బాకీ చదివాక నాకు నిద్ర పట్టలేదండి. మీ ఊరికి వచ్చింది మేము కాకపోవచ్చు. అయితే అలాంటి ఊళ్ళు మాకు చాలా ఉన్నాయి.

నేను నాటకాలకి హార్మోనియం వాయిస్తాను. సంక్రాంతి నుంచి శ్రీరామనవమి దాకా మా సీజన్. ఆ మూడు నెలల్లో వచ్చిందే ఏడాదంతా. రాత్రికి నా చేతికి రెండున్నర వేలు అందుతుంది, అదీ అందితే. వ్యాన్, కిరీటాలు భుజకీర్తుల అద్దె, మేకప్ ఆయన, తబలా, ఇవన్నీ ముందే తీసేస్తారు. పేరున్న కృష్ణుడు అయితే ఆయన రేటు ఆయనది, అది న్యాయమే. ఆయన కోసమే జనం వస్తారు. బాకీ పడితే మాత్రం కృష్ణుడి దాంట్లోంచి తియ్యరు. మా దగ్గరికి వచ్చి "వచ్చే వారం సర్దుతాం బాబాయ్" అంటారు.

ఓ ఊళ్ళో పడకసీనులో (పడుకున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు సాయం అడగడానికి వచ్చే సీను) పద్యానికి వన్స్ మోర్ కొట్టారు. మళ్ళీ కొట్టారు. మూడోసారి కృష్ణుడు రాగం తీస్తుంటే ఒకాయన స్టేజీ ఎక్కి పీతాంబరానికి వంద నోటు పిన్ను పెట్టి దిగాడు. మూడుసార్లు తిత్తి తోసిన చెయ్యి నాది. మెడ తిప్పకుండా నోటు వంక చూశాను, శ్రుతి తప్పలేదు. ఆఖర్న మాకు శాలువాలు కప్పారు. ఇంట్లో ఇప్పటికి నలభై పైనే ఉన్నాయి, మా ఆవిడ కుట్టు మిషన్‌కి కప్పుతుంది.

టికెట్ పెట్టండి, పెట్టకపోండి. మాకు మాత్రం వ్యాన్ ఎక్కేముందు ఇవ్వండి.

కాకినాడ_గజ్జెలు:
రెండో రాత్రి పిల్లల కూచిపూడి గురించి ఎవరూ మాట్లాడ్డం లేదు. నేను మాట్లాడతాను, మా అమ్మాయి ఏడేళ్ళుగా నేర్చుకుంటోంది.

పోయినేడు ఒక సంస్థ నుంచి ఫోన్. "మీ పాపకి పెద్ద వేదిక మీద అవకాశం" అన్నారు. సంతోషించాం. తర్వాత మెసేజ్ వచ్చింది, పార్టిసిపేషన్ ఫీజు 1,500 అని. డ్రెస్సు మాదే, మేకప్ మాదే, పూలజడ మాదే, కారు కిరాయి మాదే. ఐటెం ఆరు నిమిషాలు. సాయంత్రం ఐదింటికి రిపోర్ట్ చెయ్యమన్నారు, స్టేజీ ఎక్కించింది పదికి పది నిమిషాల ముందు. అప్పటికి హాల్లో ఎవరున్నారనుకున్నారు? ఒక్కో పిల్ల డాన్సు అవ్వగానే వాళ్ళ అమ్మానాన్నా తాతయ్యా లేచి వెళ్ళిపోతూ వచ్చారు. మా పిల్ల ఆడేసరికి మేము నలుగురం, మేకప్ ఆవిడ, కుర్చీలు మడతపెట్టే కుర్రాళ్ళు ఇద్దరు. ఆ కుర్రాళ్ళలో ఒకడు మాత్రం పని ఆపి చివరిదాకా చూశాడు. మా అమ్మాయి ఇంటికొచ్చి ఆ అబ్బాయి గురించే చెప్పింది.

కాబట్టి టికెట్ పెట్టాలా వద్దా అని మీరు ఇప్పుడు చర్చిస్తున్నారు గానీ, టికెట్ ఎప్పుడో పెట్టేశారండి. చూసేవాళ్ళకి ఉచితం, ఆడేవాళ్ళకి 1,500.

గచ్చిబౌలి_గోదారోడు:
అక్కా, ఇది దారుణం.

మైకుసెట్టు:
నేను సౌండ్ వాణ్ణి. ఎమోషన్లు తర్వాత, లెక్క చూద్దాం. ఖాళీ చేలో ప్రోగ్రామైతే చుట్టూ తడికలు, గేటు దగ్గర నలుగురు మనుషులు, టికెట్ పుస్తకాలు, దొడ్డిదారిన వచ్చేవాళ్ళని ఆపే ఇంకో నలుగురు. తక్కువలో తక్కువ ఎనిమిది వేలు. 50 చొప్పున నాలుగొందల మంది కొన్నారనుకోండి, ఇరవై వేలు. మిగిలేది పన్నెండు. సరిగ్గా మీ బాకీ అంతే! కానీ కోనసీమలో తడిక కడితే జనం కొబ్బరిచెట్టెక్కి చూస్తారు, అందులో ఎవడైనా పడితే ఆ ఖర్చు కూడా కమిటీదే.

టికెట్ అంటే జీఎస్‌టీ అని ఎవరో భయపెడతారు. నాటకం, డాన్సు, సంగీతాలకి మనిషికి 500 దాటకపోతే ఆ పన్ను లేదు. దాని గురించి టెన్షన్ వద్దు.

అసలు టెన్షన్ టైముది. 2000 నాటి శబ్ద కాలుష్యం రూల్సు ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా మైకు కుదరదు. పండగలకి ఏడాదికి 15 రోజులు మించకుండా 12 దాకా ప్రభుత్వం సడలించొచ్చు. మీ వాళ్ళేమో అందరూ అన్నాలు తిని వచ్చాక తొమ్మిదిన్నరకి ప్రార్థన మొదలెడతారు. వక్తలు, సన్మానాలు, ఎమ్మెల్యే గారి మనిషి వచ్చేదాకా ఆగడం. యుద్ధం సీను వచ్చేసరికి ఎస్సై గారు. ఆరున్నరకి మొదలెట్టండి, సన్మానాలు రెండుకి తగ్గించండి. యాభై పెట్టి కొన్నవాడికి అర్ధాంతరంగా ఆపేస్తే కుర్చీలు విరిచేది నా బాక్సుల మీదే.

భీమారం_బుల్లోడు:
మా భీమవరంలో మావుళ్ళమ్మ జాతర సంక్రాంతికి మొదలై నెల దాటి నడుస్తుంది. రోజూ ఏదో ఒకటి, అంతా ఉచితమే. మార్కెట్ వర్తకులు భుజాన వేసుకుంటారు. మీ ఊళ్ళో అలాంటి సంఘం లేదా?

లంకలో_కొబ్బరిచెట్టు:
మా ఊళ్ళో మార్కెట్ అంటే రెండు కిరాణా కొట్లు, ఒక కొబ్బరికాయల రాశి. ఆ రాశి కూడా పక్కూరి ఆయనది.

సభ్యత్వం_నంబర్_లేదు:
కాకినాడ నుంచి. మా దగ్గర సభల పద్ధతి పాతది. సరస్వతీ గానసభకి నూరేళ్ళు దాటాయి. యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో నాటకాలాడినవాళ్ళే ఎస్వీ రంగారావు, రేలంగి, అంజలీదేవి. సభ అంటే ఏడాది సభ్యత్వం ముందే కట్టేస్తారు. నచ్చిన కచేరీకి వెళ్తారు, నచ్చనిదానికి మానేస్తారు, కళాకారుడి డబ్బు మాత్రం ఎవరు వచ్చారన్నదాని మీద ఆధారపడదు. మీ ఊళ్ళోనూ ఇంటికి వంద చొప్పున సభ్యత్వం పెట్టొచ్చుగా?

పాతబడి_మాస్టారు:
మంచి పద్ధతే. కానీ నిజం చెప్పండి, ఆ హాల్లో ముందు వరసలో యాభై ఏళ్ళ లోపువాళ్ళు ఎంతమంది? పక్కన నిలబడి చూసే ఆటోడ్రైవర్ ఉంటాడా? బాలమురళీకృష్ణ గారు పుట్టింది మన శంకరగుప్తంలో. అక్కడి పిల్లాడికి సంగీతం తగలాలంటే దానికి సభ్యత్వం నంబర్ ఉండకూడదు.

సభ్యత్వం_నంబర్_లేదు:
నా పేరు చూడండి మాస్టారూ. నేనూ గోడ పక్కన నిలబడి వినే బాపతే.

గజ్జె_చిడతలు:
నేను హరికథ చెప్తాను. కపిలేశ్వరపురం సర్వారాయ హరికథా పాఠశాలలో నేర్చుకున్నా. 1973లో పెట్టిన బడి. ఈ రోజున హరికథ చెప్పే ఆడవాళ్ళు ఇంతమంది ఉన్నారంటే ఆ బడి పెద్ద కారణం. మా వృత్తిలో టికెట్ ఎన్నడూ లేదు, చదివింపులు ఉన్నాయి. కల్యాణ ఘట్టం దాకా కథని తీసుకొచ్చి, తలంబ్రాలు పడే పద్యం ఎత్తుకున్నాక జనం వాళ్ళంతట వాళ్ళే లేస్తారు. "ఫలానావారు 116 రూపాయలు" అని మైకులో చదువుతుంటే, వెనకాల బీడీ కాలుస్తున్న తాత కూడా పది రూపాయలు పంపి తన పేరు వినబడేదాకా వెళ్ళడు. గేటు దగ్గర అడిగితే ఆ తాత ఇచ్చేవాడు కాదు. కథ విన్నాడు కాబట్టి ఇచ్చాడు.

గరగలవాళ్ళని చూడండి. అమ్మవారి గరగ, అంటే అలంకరించిన కలశం, నెత్తిన పెట్టుకుని డప్పుకి ఆడుతూ ఇంటింటికీ వస్తే, పసుపునీళ్ళతో కాళ్ళు కడిగి బియ్యం, డబ్బు ఇస్తాం. దాన్ని ఎవరైనా టికెట్ అంటారా? మాధవపట్నం తోలుబొమ్మలవాళ్ళు ఊళ్ళు తిరిగిన రోజుల్లోనూ కేతిగాడు జోకు పేల్చగానే పంచె తెర ముందున్నవాళ్ళు నాలుగు డబ్బులు విసిరేవారని మా తాతగారు చెప్పేవారు.

అయితే ఒక పేచీ ఉంది. ఒక ఊళ్ళో నాకు చదివింపులు తొమ్మిది వేలు వచ్చాయి. మైకులో నేనే విన్నాను కదా! ఆఖర్న కమిటీవారు "షామియానా బిల్లుకి సర్దుకున్నాం అమ్మా" అన్నారు. నా పేరు మీద ఇచ్చిన డబ్బు షామియానాకి వెళ్ళింది. చదివింపులు పెడితే ఎవరి డబ్బు ఎవరికో ముందే మైకులో చెప్పాలి. లేదంటే మీ యాభై రూపాయల టికెట్టే నయం.

హార్మోనియం_పెట్టె:
అమ్మా, దణ్ణం. చదివింపుల్లో పక్కవాద్యాలకి వాటా కూడా చెప్పించండి.

గచ్చిబౌలి_గోదారోడు:
ఓకే, నేను కొంచెం మెత్తబడ్డా. కానీ మా బ్యాచ్ సంక్రాంతికి వచ్చి మాఘానికి ఊళ్ళో ఉండదు. మా దగ్గర డబ్బు ఉంది, మనిషి లేడు. నాటకం లైవ్ పెట్టి స్టేజీ పక్కన ఫోన్‌పే క్యూఆర్ పెట్టండి. పద్యం నచ్చితే నేనూ ఇక్కడినుంచి వన్స్ మోర్ కొడతా.

కాకినాడ_గజ్జెలు:
లైవ్ పెడితే పిల్లల ప్రోగ్రాం కూడా పెట్టండి. దయచేసి ఐదింటికి రమ్మంటే ఆరింటికైనా ఎక్కించండి.

లంకలో_కొబ్బరిచెట్టు:
రాత్రి కమిటీ మీటింగ్ అయిందండి. ఈ థ్రెడ్ చదివి వినిపించాను. టీ రెండుసార్లు తిరిగింది. తేలింది ఇది.

టికెట్ లేదు, తడిక లేదు. ముందు రెండు వరసల్లో నలభై కుర్చీలకి 200 చొప్పున తీసుకుంటాం, ఎవరు కావాలన్నా కొనుక్కోవచ్చు, ప్రెసిడెంట్ గారైనా సరే కొనాల్సిందే. (దీనికి ప్రెసిడెంట్ గారు నవ్వారు, కానీ ఒప్పుకున్నారు.) ఆరున్నరకి మొదలు, సన్మానాలు రెండే, అవీ నాటకం మధ్యలో కాదు. పిల్లల దగ్గర రూపాయి తీసుకోం, వాళ్ళ కారు కిరాయి మేమే ఇస్తాం. ఒక పిల్ల అవ్వగానే వాళ్ళవాళ్ళు లేవకుండా ఉండాలని అందరు పిల్లలతో ఆఖర్న ఒకే ఐటెం వేయిస్తాం. చదివింపులు కళాకారులవి, అందులో నాలుగోవంతు పక్కవాద్యాలకి, ఈ మాట మొదట్లోనే మైకులో చదువుతాం. నాటక సమాజం డబ్బు సగం అడ్వాన్సు, మిగతా సగం కవర్లో పెట్టి నా జేబులో ఉంటుంది, వ్యాన్ స్టార్ట్ అవ్వకముందే.

క్యూఆర్ మాత్రం పెద్దాళ్ళు ఒప్పుకోలేదు. అమ్మవారి పటం పక్కన ఆ బొమ్మ ఏంటి అన్నారు. హార్మోనియం పెట్టెకి అంటించమన్నా.

హార్మోనియం_పెట్టె:
అంటించండి, నాకు అభ్యంతరం లేదు. శ్రుతి రంధ్రాలు మూసెయ్యకుండా చూడండి.

మైకుసెట్టు:
నా అడ్వాన్సు మాట ఎవరూ ఎత్తలేదు.

పాతబడి_మాస్టారు:
కుర్చీ నాకొద్దు. చాప తెచ్చుకుంటే మూడో వరసలో కూర్చోనిస్తారా?