మైన్లు తీసే షిప్పులు చెక్కతో చేస్తారా?

బీచ్‌రోడ్_వైజాగ్:
1991 గల్ఫ్ వార్‌లో ఫిబ్రవరి 18న ఒక్కరోజే ట్రిపోలి, ప్రిన్స్‌టన్ అని రెండు అమెరికా నేవీ షిప్పులు మైన్లకి (షిప్పుల్ని పేల్చడానికి సముద్రంలో పెట్టే బాంబులు) దెబ్బతిన్నాయట, అందులో ట్రిపోలి అయితే మైన్లు తీసే హెలికాప్టర్లని మోసుకెళ్ళిందే! మరి మైన్లు తీసే షిప్పులు ఎలా బయటపడతాయి? చెక్కతో చేస్తారని విన్నా, నిజమేనా? ఒకసారి తిరిగొస్తే రూటు క్లియరేనా?

సోనార్_పిచ్చోడు:
చెక్క నిజమే బ్రో. మైన్లు తీసే షిప్పుల్లో అమెరికా అవెంజర్ క్లాస్ (ఒకే డిజైన్ షిప్పుల గ్రూపు) బాడీ చెక్కే, పైన ఫైబర్‌గ్లాస్ పూత, బ్రిటిష్ వాళ్ళ హంట్ క్లాస్ అయితే బాడీ ఫైబర్‌గ్లాసే. పైనుంచి ఇనుము వెళ్తే అయస్కాంత క్షేత్రం మారుతుంది, కొన్ని మైన్లు అది పసిగట్టే పేలతాయి. ఇంజిన్ లాంటివాటి వల్ల ఎంతోకొంత మిగులుతుంది కదా, దాన్ని కేబుల్ కాయిల్స్‌లో కరెంటు పంపి తగ్గిస్తారు.

ఒక్కసారి తిరిగితే మాత్రం అస్సలు చాలదు. యాంకర్‌కి తీగతో కట్టిన మైను అయితే షిప్పు వెనకాల కట్టర్లున్న వైరు లాక్కెళ్తారు, మైను తీగ దానికి తగిలి తెగుతుంది, మైను పైకి తేలగానే గన్‌తో కాల్చేస్తారు. అడుగున పడుండేదానికి తెంపడానికి తీగే ఉండదు, షిప్పు వచ్చినట్టు అయస్కాంత క్షేత్రం, శబ్దం పుట్టించి దాన్ని మోసం చేయాలి, కానీ అందులో కౌంటర్ ఉంటుంది, మొదట వచ్చిన కొన్నిటిని వదిలేసి ఆ తర్వాతదానికి పేలేలా సెట్ చేయొచ్చు!! అందుకే సోనార్‌తో (నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో వస్తువుల్ని పసిగట్టే పరికరం) వెతకడం. అడుగున రాయి, పాత డ్రమ్ము, ఏది కనపడినా మైనేమో అని చూడాల్సిందే, కెమెరా ఉన్న చిన్న రోబోని దింపి, మైనే అయితే పక్కన పేలుడు పదార్థం పెట్టి దూరం జరిగి పేల్చేస్తారు. ఒక్కోదాన్నీ ఇలాగే, చాలా నిదానంగా సాగే పని.

పోర్టు_దారి:
మనకి ఇది దూరపు కథ కాదండీ. 1971లో మన వైజాగ్ దగ్గర మునిగిన పాకిస్తాన్ ఘాజీ సబ్‌మెరైన్‌కి అప్పజెప్పిన పనుల్లో ఇక్కడ మైన్లు వేయడం కూడా ఉంది. మన నేవీ చివరి మైన్‌స్వీపర్ (మైన్లు తీసే షిప్పు) ఐఎన్ఎస్ కోజికోడ్ 2019 ఏప్రిల్‌లో వైజాగ్‌లోనే రిటైర్ అయింది, గోవా షిప్‌యార్డ్‌లో 12 కట్టాలన్న పాత ప్లాన్ ముందే ఆగిపోయింది, 2025 జులైలో కొత్తవాటి కొనుగోలుకి రక్షణ శాఖ తొలి ఆమోదం ఇచ్చింది. ఇంత ఆలస్యం నాకు అస్సలు నచ్చలేదు. డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఆ సన్నటి ఛానెల్‌లో మైను ఉందన్న అనుమానం వస్తే చాలు, ఉందో లేదో తేలేదాకా ఏ కెప్టెనూ షిప్పు కదపడు.

బీచ్‌రోడ్_వైజాగ్:
థాంక్సండీ ఇద్దరికీ. ఆ కౌంటర్ సంగతి అస్సలు తెలీదు. ఆ రోబోలు ఎంత లోతు దాకా వెళ్తాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.