కరాటే క్లాసుకు పోతే చాలా, విడిగా కసరత్తు కూడా చేయాలా?

వడ్డేపల్లి కట్ట, హన్మకొండ:

నా వయసు 43. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. పన్నెండేళ్ల మా పాపను కరాటేలో చేర్పించి, క్లాసు అయ్యేదాకా గేటు దగ్గర ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు మాస్టర్ "ఊరికే కూర్చునే బదులు మీరూ రండి సార్" అన్నారు. అట్లా మొదలై పది నెలలైంది. ఎల్లో బెల్ట్ వచ్చింది, ఆరెంజ్‌కు తయారవుతున్నాను.

సమస్య మోకాలితో. కిబా దాచి అని ఒక నిలుపు ఉంటుంది. గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి కదలకుండా ఉండాలి. రెండు నిమిషాలు దాటితే నా తొడలు వణుకుతాయి, మోకాళ్లు వాటంతటవే లోపలికి వాలిపోతాయి. పోయిన నెల మవాషి గెరి, అంటే పక్క నుంచి తిప్పి కొట్టే కిక్, ప్రాక్టీస్ చేస్తున్నాం. ఒళ్లంతా తిరిగింది కానీ, నేల మీదున్న ఎడమ పాదం తిరగలేదు. ఉత్త కాలు, గరుకు బండలు, మడమ అక్కడే అతుక్కుపోయింది. మోకాలి లోపలి వైపు సూదితో పొడిచినట్టయింది. మూడు వారాలు రెయిలింగ్ పట్టుకునే మెట్లు దిగాను.

విడిగా జిమ్‌కు పోదామనుకుంటున్నానని చెబితే మాస్టర్ వద్దన్నారు. "క్లాసులో చేసేదే కసరత్తు. బరువులు ఎత్తితే కండ బిగుసుకుపోయి స్పీడ్ పోతుంది" అన్నారు. ఆయనంటే నాకు చాలా గౌరవం. కానీ ఈ ఒక్క మాట మింగుడుపడటం లేదు. వారానికి మూడు గంటల క్లాసు. అందులో సగం కటా, అంటే ఒంటరిగా వరుసలో చేసే కదలికలు, మిగతాది పంచ్‌లు, కిక్‌లు. విద్య అక్కడ వస్తుంది. ఆ విద్యను మోసే ఒళ్లు మాత్రం మనమే ఇంట్లో తయారు చేసుకుని పోవాలని నా నమ్మకం. మీరేమంటారు?

తాలీం మట్టి, కరీంనగర్:

తమ్మీ, మీ మాస్టర్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నాకు 64 ఏళ్లు. పదిహేనేళ్ల వయసులో తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, చేరినవాణ్ణి. మాకు మెషీన్లు లేవు, అద్దాలు లేవు. తెల్లవారుజామున నాలుగున్నరకు పోయి, పార పట్టి మట్టి తవ్వి గుల్ల చేయడమే మొదటి కసరత్తు. ఆ మట్టిలో నూనె, మజ్జిగ, పసుపు కలిపి ఉండేవి. ఇప్పటికీ తొలకరి వాన పడితే నాకు ఆ వాసనే గుర్తొస్తుంది. తర్వాత చేతుల మీద వంగి లేచే దండీలు, కూర్చుని లేచే బస్కీలు. ఆ తర్వాత జోడు పట్టేవాళ్లం.

మా ఉస్తాద్ ఏనాడూ "బరువు ఎత్తు" అనలేదు. "మనిషిని ఎత్తు" అనేవాడు. ఇనుము కదలదు, ఎదురు తిరగదు. మనిషి జారతాడు, మెలిక వేస్తాడు, నీ బలాన్నే నీ మీదికి తిప్పుతాడు. ఆ బలం ఇనుముతో రాదు. చొక్కాలు చిరిగేంత కండలున్న పిల్లలను చూశాను, మట్టిలో ఒక్క పట్టు పడితే రొప్పుతూ కూలబడతారు. పది నెలలకే తొందరపడకు. మూడేళ్లు చెయ్యి, మోకాలు దానంతటదే గట్టిపడుతుంది.

పీఈటీ, జగిత్యాల:

కాకా, గౌరవంతోనే ఒక మాట అడుగుతాను. తాలీంలో చేరక ముందు మీరు ఏం పని చేసేవాళ్లు?

తాలీం మట్టి:

మాది ఎవుసం. బావి కాడి పని, గడ్డి మోపులు, కోతలప్పుడు వడ్ల బస్తాలు. ఎందుకు?

పీఈటీ, జగిత్యాల:

అదే నేను చెప్పాలనుకున్నది కాకా. పదిహేనేళ్లకే మీ నడుము, తొడలు, పిడికిలి పొలంలో తయారయ్యాయి. ఉస్తాద్ చేతికి మీరు వచ్చేసరికి సగం పని అయిపోయింది. కాబట్టి ఆయన నేరుగా పట్లు నేర్పగలిగారు. ఈ అన్న పరిస్థితి అది కాదు. ఇరవై ఏళ్లు కుర్చీలో కూర్చున్న నడుముతో వచ్చి కిబా దాచిలో నిలబడ్డారు. అదే శిక్షణ, కానీ కింద పునాది లేదు. ఈ తేడా మన మాస్టర్లలో చాలామంది గమనించడం లేదు. వాళ్లూ వాళ్ల గురువుల దగ్గర పల్లెటూరి ఒంటితో నేర్చుకున్నవాళ్లే.

బరువులు కరాటేకు పనికిరావు అనే మాట కూడా నిలవదు. కరాటే పుట్టిన ఒకినావాలోనే విడి కసరత్తు ఉంది. దాన్ని హోజో ఉండో అంటారు. చి-ఇషి అంటే ఒక కర్రకు చివర రాయి బిగించినది, మన కుస్తీవాళ్లు తిప్పే ముగ్దర్‌కు చుట్టం లాంటిది. నిగిరి గామే అంటే జాడీలు. మూతి అంచును వేళ్లతో పట్టుకుని ఎత్తి నడవాలి, పట్టు పెరిగేకొద్దీ లోపల ఇసుక పోస్తూ పోవాలి. కరాటే గురువు ఫునాకోషి 1922లో టోక్యోకు కరాటే తీసుకుపోకముందే ఇవి అక్కడ ఉన్నాయి. అంటే జిమ్ కొత్తది కావచ్చు గానీ, ఈ ఆలోచన మాత్రం పాతదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన కూడా ఇదే దారిలో ఉంది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాల బలం కోసం కసరత్తు. ఇది ఆటగాళ్ల కోసం పెట్టిన లెక్క కాదు, మామూలు మనుషులకు. మరి కిక్ కొట్టేవాళ్లకు ఇంకెంత కావాలి?

ఇందూరు పంచ్, నిజామాబాద్:

నేను బాక్సింగ్ చేస్తాను, డిగ్రీ రెండో సంవత్సరం. ఇక్కడ అందరూ బలం గురించే మాట్లాడుతున్నారు, దమ్ము గురించి ఎవరూ అనడం లేదు. బౌట్ అంటే మూడు నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో ఒక్కో నిమిషం. కరాటేలో సీనియర్ల కుమితే, అంటే ఇద్దరు తలపడే పోటీ, కూడా మూడు నిమిషాలే అంటారు కదా. వినడానికి మూడు నిమిషాలే. నా మొదటి బౌట్‌లో రెండో రౌండ్ సగానికి వచ్చేసరికి చేతులు గడ్డం దగ్గర నిలవలేదు. దెబ్బ వస్తోందని కంటికి కనబడుతోంది, చెయ్యి లేవదు. టెక్నిక్ మర్చిపోలేదు, ఒంట్లో ఊపిరి లేదంతే. అన్నా, మీ పేరు చూస్తే వడ్డేపల్లి చెరువు కట్ట మీద వాకింగ్ చేస్తారనుకుంటా. వాకింగ్ మంచిదే, కానీ ఈ దమ్ము దాంతో రాదు. ఒక నిమిషం గట్టిగా పరుగు, ఒక నిమిషం నడక, ఇట్లా ఎనిమిది సార్లు చేసి చూడండి.

మా ఊరి నిఖత్ జరీన్ కూడా బాక్సింగ్ కంటే ముందు పరుగులోనే మొదలుపెట్టారు. 2022లో 52 కిలోల్లో, 2023లో 50 కిలోల్లో ప్రపంచ చాంపియన్. మధ్యలో 2017లో భుజం గాయంతో ఆపరేషన్ అయి చాలా కాలం రింగ్‌కు దూరమయ్యారు. అంత స్థాయివాళ్లనే ఒక కీలు ఆపేసిందంటే, గాయం కాకముందే కీళ్ల చుట్టూ బలం పెంచుకోవాలనే మాట నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది.

కానీ జిమ్ విషయంలో మాస్టర్లు భయపడటాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. మాది వెయిట్ కేటగిరీ ఆట. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగాట్ 100 గ్రాములు ఎక్కువ తూగారని ఫైనల్‌కు ముందు పక్కన పెట్టేశారు. ఆ రోజు మా హాస్టల్లో ఎవరూ అన్నం తినలేదు. ఎవరో ఒక ట్రైనర్ చెప్పాడని ఛాతీకి, చేతులకు మాత్రమే బరువులు ఎత్తి రెండు కిలోలు పెరిగితే, మా ఆటలో అది నష్టమే.

ఇద్దరు పిల్లల తల్లి, మంచిర్యాల:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకు 13 ఏళ్లు, తైక్వాండో. ఈ మధ్య బాగా పొడవు పెరిగాడు. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బినట్టు ఉండి, ముట్టుకుంటే కేక పెడుతున్నాడు. ఆలస్యంగా వస్తే సిమెంట్ నేల మీద వంద కప్పగంతులు శిక్ష. నొప్పి అంటే "నాటకాలు" అంటున్నారట. నేను మాన్పించాలా?

కాజీపేట ఫిజియో:

అమ్మా, ముందు మీకు. ఎదిగే వయసులో గెంతే ఆటలు ఆడే పిల్లల్లో ఇది తరచుగా చూస్తాం. తొడ ముందు భాగం కండరం చిప్ప మీదుగా వచ్చి, కింద ఎముకకు అతుక్కునే చోట ఇంకా గట్టిపడని భాగం ఉంటుంది. గెంతిన ప్రతిసారీ అక్కడ లాగుతుంది. ఆస్‌గూడ్-ష్లాటర్ అంటారు. బాబును చూడకుండా అదేనని నేను చెప్పలేను, ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించండి. అదే అయితే ఆట మాన్పించాల్సిన పని సాధారణంగా రాదు. గెంతులు తగ్గించాలి, నొప్పిని బట్టి నడిపించాలి. నొప్పి అంటున్న పిల్లవాడితో వంద కప్పగంతులు మాత్రం ఈ రోజు నుంచే ఆపించండి. మాస్టర్ కోప్పడతారని మొహమాటపడకండి.

ఇక హన్మకొండ అన్నకు. మీరు రాసిందాంట్లో రెండు విషయాలున్నాయి, కలిపేస్తున్నారు. పాదం తిరగకపోవడం విద్యలో లోపం. మడమ కొంచెం లేపి, ముందరి పాదం మీద తిరగాలి. దాన్ని మాస్టరే సరిచేయాలి, ఏ జిమ్మూ సరిచేయదు. మోకాళ్లు లోపలికి వాలడానికి మాత్రం తుంటి పక్క కండరాల నీరసం ఒక కారణం కావచ్చు. అక్కడ మీ మాటే నిజం.

మూడు చెబుతాను. కుర్చీ ముందు నిలబడి, మోకాళ్లకు కొంచెం పైన సాగే బ్యాండ్ కట్టుకుని, మోకాళ్లను బయటికి నెడుతూ మూడు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా కూర్చోండి. కుర్చీ తగలగానే లేవండి. రెండోది, పక్కకు పడుకుని పై కాలును ఎత్తి దించడం. చూడటానికి ఏమీ కాదనిపిస్తుంది, పన్నెండోసారికి తుంటి మండుతుంది. మూడోది, పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. కిక్ కొట్టేటప్పుడు మీరు ఉండేది ఒంటికాలి మీదే కదా. వారానికి రెండు రోజులు, రెండింటి మధ్య కనీసం ఒక రోజు ఖాళీ. మోకాలు వాచినా, బిగుసుకుపోయినా, అడుగు వేస్తుంటే జారిపోతున్నట్టున్నా ఇవన్నీ పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకోండి.

పీఈటీ, జగిత్యాల:

కాకా, మీరు మౌనంగా ఉన్నారు. ఇంకొక్కటి అడగనా? మీతోపాటు ఆ ఏడు తాలీంలో ఎంతమంది చేరారు, ఎంతమంది నిలిచారు?

తాలీం మట్టి:

రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

పదిహేను మంది చేరాం. సంక్రాంతి దాటేసరికి నలుగురం మిగిలాం. పోయినవాళ్లను మేం "పాలు తాగే పిల్లలు" అని ఎగతాళి చేసేవాళ్లం. అందులో ఒకడు మా వాడకట్టువాడే, మగ్గం ఇంటి పిల్లగాడు. గుంట మగ్గంలో కూర్చుని పెరిగినవాడు. చేతులు ఎంత చురుకో చెప్పలేను. పట్టు వేస్తే నేను విడిపించుకోలేకపోయేవాణ్ణి. వాడితో మొదటి వారమే మూడు వందల బస్కీలు తీయించారు. నెలకు మోకాళ్లు వాచి మంచాన పడ్డాడు, మళ్లీ రాలేదు. ఇప్పటికీ ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తాడు. పునాది గురించి నువ్వు రాసింది చదివిన రాత్రి వాడే గుర్తొచ్చాడు. మేం బలమైనవాళ్లం కాబట్టి మిగిలామనుకున్నాం. మాకు ముందే పొలం ఉంది, వాడికి లేదు. ఇంత చిన్న సంగతి యాభై ఏళ్లలో తట్టలేదు.

ఉస్తాద్‌ను తప్పు పట్టను. ఆయనకు తెలిసిందంతా మాకు ఇచ్చాడు, ఒక్క పైసా తీసుకోలేదు. కానీ అందరికీ ఒకే లెక్క అనేది తప్పు. అది ఒప్పుకుంటున్నాను.

వడ్డేపల్లి కట్ట:

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. జిమ్‌లో చేరలేదు. మంగళవారం, శుక్రవారం ఇంట్లోనే ఫిజియో గారు చెప్పినవి చేస్తున్నాను. ఆదివారం పొద్దున ఇక్కడి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్‌ఎస్)లో ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. మొదటి ఆదివారం నాలుగింటికే ఆగిపోయాను, ఇప్పుడు ఏడు చేస్తున్నాను. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన స్టేడియం అది. ఇన్నేళ్లూ రోడ్డు మీద నుంచి చూస్తూ పోయినవాణ్ణి.

ఒక చిన్న సంగతి చెప్పాలి. మొన్న గ్యాస్ బండ వచ్చింది. గ్యాస్ 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై దగ్గర ఉంటుంది. ఎప్పుడూ అంచు మీద దొర్లించుకుంటూ వంటింట్లోకి తీసుకుపోయేవాణ్ణి. ఈసారి నడుము వంచకుండా, తుంటి వెనక్కి పెట్టి కూర్చుని, రెండు చేతులతో పట్టుకుని లేచాను. లేచింది. మా పాప తలుపు దగ్గర నిలబడి "నాన్నా, కిబా దాచి!" అని అరిచింది. నిజమే, అదే నిలుపు.

పోయిన క్లాసులో మాస్టర్ వరుస వెంట నడుస్తూ వచ్చి నా ముందు ఆగారు. రెండు నిమిషాలు దాటింది, మోకాళ్లు బయటికే ఉన్నాయి. ఆయన వంగి చూశారు. "విడిగా ఏమైనా చేస్తున్నారా?" అని అడిగారు. చేస్తున్నానని అంతా చెప్పాను. క్లాసు అయ్యాక ఆ బ్యాండ్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. మవాషి గెరిలో మడమ లేపడం ఆ రోజు నాతో యాభై సార్లు చేయించారు, పక్కనే నిలబడి, ఒక్కోసారి నా మడమ కింద తన వేలు పెట్టి చూస్తూ. ఆ పని ఇంట్లో నేను ఒక్కణ్ణీ ఎన్నటికీ చేసుకోలేకపోయేవాణ్ణి.

తాలీం మట్టి:

మంచిది తమ్మీ. మెషీన్ల సంగతి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను, దాని మీద ఇంకోరోజు కొట్లాడుదాం. వచ్చే నెల బిడ్డ ఇంటికి హన్మకొండ వస్తున్నాను. మోకాలు ఒప్పుకుంటే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు రా, బస్కీ సరిగ్గా ఎట్లా తీయాలో చూపిస్తాను. ఇరవైతో మొదలుపెడదాం. పాపను కూడా తీసుకురా.