డెబియన్ 13లో ఎన్విడియా డ్రైవర్: రెపో ప్యాకేజీయా, .రన్ ఫైలా?

చిట్టిపెంగ్విన్:
అందరికీ నమస్తే. డెబియన్ 13 లైనక్స్, కెర్నల్ 6.12, ప్లాస్మా 6.3 డెస్క్‌టాప్, అది వేలాండ్ (పాత ఎక్స్11 స్థానంలో వచ్చిన తెర వ్యవస్థ) మీద. కార్డు ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ. డెబియన్ వాళ్ల నాన్-ఫ్రీ రెపో (ప్యాకేజీల భండారం) నుంచి ఎన్విడియా-డ్రైవర్ ప్యాకేజీ వేశాను, 550.163.01 వచ్చింది. అంతా నడుస్తోంది గానీ ఎక్స్‌వేలాండ్ (ఎక్స్11 యాప్‌లను వేలాండ్‌లో నడిపే వారధి) మీద నడిచే యాప్‌ల్లో (స్టీమ్, కొన్ని ఎలక్ట్రాన్ యాప్‌లు) టైప్ చేస్తుంటే, ఇప్పుడే చెరిపేసిన అక్షరాలు మళ్లీ ఒక్క క్షణం మెరిసి పోతున్నాయి. నేటివ్ వేలాండ్ యాప్‌ల్లో ఈ గోల లేదు. వేలాండ్‌కి కావాల్సిన ఎన్విడియా-డీఆర్ఎం మోడ్‌సెట్ సెట్టింగ్ చూస్తే 'వై' అనే ఉంది. ఎన్విడియా సైట్‌లో దొరికే .రన్ ఇన్‌స్టాలర్ ఫైల్ వేసుకోమని ఒకరు, దాని జోలికి పోవద్దని ఇంకొకరు. ఏం చేయాలి? సెక్యూర్ బూట్ (సంతకం లేని మాడ్యూళ్లను ఆపేది) ఆన్‌లో ఉంది, ఆపడం ఇష్టం లేదు.

గోదారిగట్టు:
పోవద్దన్నవాళ్లు చెప్పిందే వినండి. ఆ ఇన్‌స్టాలర్ /యూఎస్ఆర్/లిబ్ కింద ఫైళ్లు నేరుగా కుమ్మరించి పోతుంది, డెబియన్ ప్యాకేజీల లెక్క చూసుకునే డీపీకేజీకి వాటి ఊసే తెలీదు. అందులో ఏ లైబ్రరీ మీదైనా 'డీపీకేజీ -ఎస్' కొట్టి చూడండి, ఆ పాత్ ఏ ప్యాకేజీదీ కాదంటుంది. ఆర్నెల్ల తర్వాత మీరు కుడా (CUDA, ఎన్విడియా కార్డు మీద లెక్కలు చేయించేది) వాడే ప్యాకేజీ ఏదో పెడతారు. అది డిపెండెన్సీ పేరుతో డెబియన్ వాళ్ల 550 లైబ్రరీలను లాక్కొస్తుంది. లైబ్రరీ ఒక వెర్షన్, కెర్నల్‌లో కూర్చున్న మాడ్యూల్ ఇంకో వెర్షన్. ఎన్విడియా-ఎస్ఎంఐ కొడితే 'డ్రైవర్/లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్' అంటుంది, డీమెసేజ్ నిండా 'ఏపీఐ మిస్‌మ్యాచ్' లైన్లు. ఇదంతా చాలదన్నట్టు 3డీ గ్రాఫిక్స్ లైబ్రరీ లిబ్‌జీఎల్‌ని కూడా తొక్కేస్తుంది.

మెరుపు ఒక్కటే బాధ అయితే లాగిన్ తెరలో ప్లాస్మా ఎక్స్11 సెషన్ ఎంచుకోండి. అయిపోయింది.

సుడోసూరి:
గోదారిగట్టు అన్నా, లిబ్‌జీఎల్‌ని తొక్కుడు ఏ కాలం నాటి ముచ్చటే అది? ఏ డ్రైవర్‌కు పిలుపు పోవాల్నో చూసే లిబ్‌జీఎల్‌వీఎన్‌డీ వచ్చినంక లిబ్‌జీఎల్ దానిది. ఎన్విడియా వాళ్లు పక్కన లిబ్‌జీఎల్ఎక్స్_ఎన్విడియా, లిబ్‌ఈజీఎల్_ఎన్విడియా పెడ్తరు, గంతే. ఓపెన్ డ్రైవర్ల మెసా దానిది దానికి ఉంటది.

తమ్ముడూ, నీకు మెరుపులు ఎందుకొస్తున్నయో చెప్తా. జీపీయూ ఒక ఫ్రేమ్ గీసుడు పూర్తిగాక ముందే కిటికీలన్నీ కలిపి తెర కట్టే కంపోజిటర్ ఆ ఫ్రేమ్ ఉన్న బఫర్‌ను తెర మీద పెడ్తున్నది. మెసా డ్రైవర్లకు కెర్నల్ లోపలనే బఫర్‌కు ఒక ఫెన్స్ (గీసుడు అయ్యేదాక ఆపే గుర్తు) తగిలించి ఉంటది, అది తెరుచుకునేదాక కంపోజిటర్ ఆగుతది. ఎన్విడియాది ఆ పద్ధతి కాదు. అందుకే ఫ్రేమ్ ఎప్పుడు తయారైందో బాహాటంగ చెప్పుకునే ఎక్స్‌ప్లిసిట్ సింక్ తెచ్చిన్రు. దానికి మూడు కావాలె: కేవిన్ (ప్లాస్మా కంపోజిటర్) 6.1 లేదా పైది, ఎక్స్‌వేలాండ్ 24.1, డ్రైవర్ 555 లేదా పైది. డెబియన్ 13ల మొదటి రెండూ ఉన్నయ్. డ్రైవర్ ఒక్కటే 550 కాడ ఆగింది. నీ సెట్టింగ్‌ల తప్పేం లేదు. రెపో ప్యాకేజీతోని ఎన్ని కుస్తీలు పట్టినా ఇది పోదు.

580 సిరీస్ .రన్ దించుకో. ముందు పాత ఎన్విడియా ప్యాకేజీలన్నీ పర్జ్ కొట్టు (కాన్ఫిగ్ ఫైళ్లతో సహా తీసేసుడు), ఉత్త రిమూవ్ సరిపోదు. బిల్డ్-ఎసెన్షియల్, డీకేఎంఎస్ (కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా మాడ్యూల్ మళ్ల తయారు చేసేది), పీకేజీ-కాన్ఫిగ్, లిబ్‌జీఎల్‌వీఎన్‌డీ-డెవ్, లైనక్స్-హెడర్స్-ఏఎండీ64 ఉన్నయా చూస్కో. ఆఖరిది నంబర్ లేని మెటాప్యాకేజీయే కావాలె. ఒక్క కెర్నల్ హెడర్లే వేసుకుంటే వచ్చే అప్‌డేట్‌కు డీకేఎంఎస్ కాడ హెడర్లుండయ్, మాడ్యూల్ తయారు గాదు, పొద్దున లేచి చూస్తే నల్లతెర. నూవో అనే ఓపెన్ డ్రైవర్ అడ్డం రాకుండ మాడ్‌ప్రోబ్.డీల ఒక ఫైల్ చేసి రెండు లైన్లు రాయి: 'బ్లాక్‌లిస్ట్ నూవో', 'ఆప్షన్స్ నూవో మోడ్‌సెట్=0'. అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ (బూట్‌ల మొదట లోడయ్యే ఇమేజ్‌ను మళ్ల కట్టేది) కొట్టి రీబూట్. గ్రబ్ బూట్ మెనూల 'ఇ' నొక్కి లైనక్స్ లైన్ చివర 3 చేర్చితే గ్రాఫిక్స్ లేకుండ వస్తది. అక్కడ ఇన్‌స్టాలర్‌ను --డీకేఎంఎస్ పెట్టి నడుపు, --కెర్నల్-మాడ్యూల్-టైప్=ఓపెన్ కూడ ఇయ్యి. నీది ఆంపియర్ తరం కార్డు, ఓపెన్ మాడ్యూళ్లు దాని ముందటి ట్యూరింగ్ తరం నుంచి పనిచేస్తయ్.

సెక్యూర్ బూట్‌కు భయపడకు. అది ఆన్‌ల ఉండంగనే 550 లోడ్ అయితున్నదంటే నీ డీకేఎంఎస్ కీ ఎప్పుడో ఎన్‌రోల్ అయింది. కొత్త మాడ్యూల్‌కూ ఆ కీతోనే సంతకం పడ్తది. --డీకేఎంఎస్ మర్చిపోతేనే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని మొండికేస్తది.

మేకుబండ:
ఎన్విడియాకి సొంత ఆప్ట్ రెపో ఉంది కదా. దాని గురించి మాట్లాడరేం?

గోదారిగట్టు:
సూరిగారూ, జీఎల్‌వీఎన్‌డీ పాఠం నాకు అక్కర్లేదు. డెబియన్‌లో ఈనాటికీ జీఎల్ఎక్స్-డైవర్షన్స్ అనే ప్యాకేజీ ఉంది. ఎన్విడియా, మెసా ఫైళ్లను ఆల్టర్నేటివ్స్ లింకులతో అటూ ఇటూ తిప్పేది అదే. దాని పేరులో ఎన్విడియా లేదు కాబట్టి మీరు చెప్పిన పర్జ్‌కి అది దొరకదు, తర్వాత విడిగా ఆటోరిమూవ్ (ఇక అక్కర్లేని ప్యాకేజీలను తీసేది) కొట్టాలి. ఆ మాట మీ పోస్టులో ఎక్కడుంది? ఆ లింకులుండగా .రన్ వచ్చి వాటి మీద ఫైళ్లు పెడితే, తర్వాత డెబియన్ ట్రిగ్గర్ నడిచినప్పుడు ఎవరి ఫైల్ ఎవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఇది పాతకాలం ముచ్చటా?

సుడోసూరి:
సరే, ఆటోరిమూవ్ రాయలే, ఒప్పుకుంటున్న. కానీ మీరు చెప్పింది లిబ్‌జీఎల్‌ని తొక్కుతదని. అది తప్పు. ఇప్పుడు మాట మార్చి డైవర్షన్స్ అంటున్నరు.

గోదారిగట్టు:
నేను మార్చలేదు. తొక్కేది లింకుల్ని అయితేనేం, ఫైల్‌ని అయితేనేం?

ఆవకాయ్86:
అసలు అడిగినాయన ఉన్నాడా, పారిపోయాడా?

సుడోసూరి:
ఎప్పుడు చూసినా రెపో, రెపో అంటరు గదా. 2024 ఫిబ్రవరిల డెబియన్ 12.5 వచ్చినప్పుడు ఏమైంది? కెర్నల్ 6.1.76కు అదే రెపోలున్న 525 డ్రైవర్ కంపైల్ కాలే. జీపీఎల్ లైసెన్స్ ఉన్న మాడ్యూళ్లకు మాత్రమే ఇచ్చే సింబల్‌ను (కెర్నల్ ఫంక్షన్) ఎన్విడియా మాడ్యూల్ వాడుతున్నదని, కంపైల్‌ల మాడ్‌పోస్ట్ అనే మెట్టు కాడ ఆగింది. డీకేఎంఎస్ ఫెయిలయ్యి కెర్నల్ ప్యాకేజీ కూడ సగం కాన్ఫిగర్ అయ్యి నిలవడ్డది. జనం గ్రబ్‌ల పాత 6.1.0-17 ఎంచుకుని బూట్ చేసుకున్నరు. ఇదంతా 'స్టేబుల్'లనే. ఎన్విడియా ప్యాకేజీని సరిజేసి ఇచ్చేదాక ఎవలైనా ఏం జేసిన్రు?

గోదారిగట్టు:
ఏం చేశారా? మీరే రాశారుగా, పాత కెర్నల్ ఎంచుకున్నారు. రీబూట్, ఒక బాణం మీట, ఎంటర్. తర్వాత సరిచేసిన ప్యాకేజీ వచ్చింది, ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టారు, అంతటితో సరి. అదే .రన్‌తో పోతే బాగుచేసే దిక్కెవరు? సైట్‌కి వెళ్లి కొత్త ఫైల్ వెతుక్కోవాలి, అదీ బ్రౌజర్ లేని నల్లతెర మీద నుంచి.

అసలు ఒళ్లు మండేది ఎక్కడో చెబుతాను. ఈ వేదికలో '.రన్ వేసుకో' అని రాసిన పోస్టు ప్రతిదానికీ రెండు నెలల తర్వాత 'అప్‌డేట్ తర్వాత నల్లతెర' అని ఇంకో పోస్టు పడుతుంది. సలహా ఇచ్చినవాళ్లు అక్కడ మచ్చుకైనా కనపడరు. డీకేఎంఎస్ స్టేటస్ పెట్టండి, ఇన్‌స్టాలర్ లాగ్ పెట్టండి అని రాత్రి పదింటికి అడుగుతూ కూర్చునేది నేనూ, ఇంకో ఇద్దరూ.

సుడోసూరి:
గిది ముందుగాలనే చెప్తే అయిపోతుండె గదన్నా. మీకు లిబ్‌జీఎల్ బాధ కాదు, తర్వాత పడే పోస్టుల బాధ. అది సమంజసమే. కానీ తప్పు సలహాకు భయపడి, 'ఎక్స్11కి పో' అంటే ఎట్ల? మనిషి వేలాండ్ గురించి అడిగిండు. రెండు మానిటర్లకు వేర్వేరు స్కేలింగ్ ఉన్నోనికి ఎక్స్11 జవాబే కాదు. మీ లెక్కల స్టేబుల్ అంటే పగలనిది. నా లెక్కల స్టేబుల్ అంటే మారనిది, పగిలి ఉన్నది కూడ మారదు.

గోదారిగట్టు:
మారనిది కాబట్టే ఎక్కడ పగిలిందో నాకు ముందే తెలుసు. మూడొందల మందికి జవాబు చెప్పేవాడికి అదే కావాలి. మీది ఒక్క మెషీన్ లెక్క.

మేకుబండ:
మళ్లీ అడుగుతున్నా. ఎన్విడియా ఆప్ట్ రెపో. ఆ రెపోని, దాని కీని చేర్చే కుడా-కీరింగ్ డెబ్ ఫైల్ పెట్టి, ఎన్విడియా-ఓపెన్ వేస్తే 580 గానీ అంతకంటే కొత్తది గానీ వస్తుంది. ప్రతి ఫైలూ డీపీకేజీకి తెలుసు, కాబట్టి గోదారిగట్టు గారి బాధ తీరుతుంది. వెర్షన్ 555 దాటింది, సూరి గారి బాధా తీరుతుంది. డెబియన్ ప్యాకేజీలతో కలపకూడదు, ముందు పర్జ్, ఆటోరిమూవ్ చేయాలి. ఒక బ్రాంచ్ (580 లాంటి వెర్షన్ సిరీస్) దాటి దూకకుండా ఆప్ట్ ప్రిఫరెన్సెస్‌లో పిన్ చేసుకోవాలి. పాత పాస్కల్ తరం కార్డులవాళ్లకి ఇది మరీ ముఖ్యం, మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టాలకు 580యే ఆఖరి బ్రాంచ్. వాళ్లకి ఓపెన్ మాడ్యూల్ కూడా పనికిరాదు.

గోదారిగట్టు:
బయటి రెపో కాబట్టి పూర్తిగా ఇష్టం లేదు. .రన్ కంటే నయం.

సుడోసూరి:
నాకు ఓకే.

చిట్టిపెంగ్విన్:
పారిపోలేదండీ, చదువుతున్నాను. మేకుబండ గారు చెప్పినట్టే చేశాను. పర్జ్, ఆటోరిమూవ్, కీరింగ్, ఎన్విడియా-ఓపెన్, పిన్. కొత్త కీ ఏదీ అడగలేదు. /ప్రాక్/డ్రైవర్/ఎన్విడియా/వెర్షన్‌లో 580 కనపడుతోంది. స్టీమ్‌లో మెరుపులు లేవు. ఒక్కటే చిక్కు: సస్పెండ్ నుంచి లేచాక కిటికీల నిండా రంగురంగుల చెత్త.

గోదారిగట్టు:
నిద్రపోయేముందు వీడియో మెమరీని దాచుకోకపోతే అలాగే ఉంటుంది. మాడ్‌ప్రోబ్.డీలో ఎన్విడియాకి ఎన్‌వీరెగ్_ప్రిజర్వ్‌వీడియోమెమరీఅలొకేషన్స్=1 ఇవ్వండి. ఎన్విడియా-సస్పెండ్, ఎన్విడియా-రెజ్యూమ్ సర్వీసులు ఎనేబుల్ అయ్యాయో చూడండి. ఇంకో మెలిక ఉంది. ఆ దాచేది మామూలుగా /టెంప్‌లోకి పోతుంది. డెబియన్ 13 నుంచి /టెంప్ అంటే టీఎంపీఎఫ్ఎస్, అంటే మళ్లీ ర్యామే. 12 జీబీ కార్డుకి ఐదు శాతం కలుపుకుని దాదాపు 12.6 జీబీ చోటు ఉండాలి. టీఎంపీఎఫ్ఎస్‌కి దొరికేది మీ ర్యామ్‌లో సగమే. 16 జీబీ మెషీన్ అయితే నిండుగా వాడుతుండగా సస్పెండ్ ఫెయిలవుతుంది. ఎన్‌వీరెగ్_టెంపరరీఫైల్‌పాత్=/వార్/టెంప్ ఇచ్చి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తిరిగి కట్టి, రీబూట్ చేయండి.

చిట్టిపెంగ్విన్:
16 జీబీయే. /వార్/టెంప్ ఇచ్చాక సస్పెండ్ నుంచి శుభ్రంగా లేస్తోంది. ముగ్గురికీ థాంక్స్.

సుడోసూరి:
/టెంప్ సంగతి నాకు తట్టలే అన్నా, మంచిగ చెప్పిన్రు. లిబ్‌జీఎల్ సంగతి మాత్రం నేను చెప్పిందే రైటు.

గోదారిగట్టు:
కాదు.